బెజవాడ ఇంట్లో పడకగదులు: గోడ చెమ్మ నుంచి కర్టెన్ గుడ్డ దాకా

పడకగదిని కొత్తగా తీర్చిదిద్దుకోవాలన్న ఆలోచన రాగానే చాలా ఇళ్ళలో మొదట బయటికి వచ్చేది రంగుల కార్డు. ఇంటిల్లిపాదీ చేరి లేత నీలమా, లేత పసుపా అని చర్చిస్తారు. పెయింటర్‌ని పిలిచి రేటు మాట్లాడతారు. వారం తిరక్కుండా పని అయిపోతుంది. ఆ తరువాత వచ్చిన మొదటి వానాకాలానికే కిటికీ కింద రంగు బుడగలు లేస్తుంది, వేసవి రాగానే గది మునుపటిలాగే ఉడికిపోతుంది, రాత్రయితే దోమలు ఎప్పటిలాగే నిద్ర చెడగొడతాయి. విజయవాడ, గుంటూరు ప్రాంతంలో పడకగదిని నిజంగా బాగుచేయాలంటే చెమ్మ, ఎండ, దోమ అనే మూడింటి లెక్క ముందు తేలాలి. ఆ గదిలో ఎవరు పడుకుంటారన్నది వెంటనే తేలాలి. రంగు, గుడ్డ, బొమ్మలు వాటి తరువాత వచ్చినప్పుడే పెట్టిన డబ్బు నిలుస్తుంది. అందుకే ఈ వ్యాసంలో రంగు ప్రస్తావన కాస్త ఆలస్యంగా వస్తుంది.

పనికి అనువైన కాలం

మన దగ్గర సంక్రాంతికి ముందు ఇంటికి వెల్ల వేయించడం ఆనవాయితీ. అయితే అక్టోబరు, నవంబరు నెలల్లో వాయుగుండాల వల్ల పడే వానలకు గోడలు తడిసి ఉంటాయి. డిసెంబరులో మంచి పెయింటర్ దొరకడం కష్టం, దొరికినా రెండు మూడు ఇళ్ళ పని ఒకేసారి ఒప్పుకుని హడావిడిగా ముగిస్తాడు. హాలు, వాకిలి పండుగకు ముందు చేయించుకుని, పడకగదుల పనిని కనుమ వెళ్ళిన తరువాత పెట్టుకోవడం మేలు. జనవరి చివరి నుంచి మార్చి మొదటి వారం వరకు గాలిలో తేమ తక్కువగా ఉంటుంది, కిటికీలు పగలంతా తెరిచి ఉంచవచ్చు, పూతలు త్వరగా ఆరతాయి. ఇంట్లో పదో తరగతి లేదా ఇంటర్ చదివే పిల్లలుంటే ఫిబ్రవరి సగానికే పని పూర్తి కావాలి. అన్ని గదులూ ఒకేసారి ఖాళీ చేయకుండా ఒక్కొక్క గది చొప్పున చేయించుకుంటే, రాత్రి పడుకోవడానికి ఇంటివారికి చోటు మిగులుతుంది, పని మీద కన్ను కూడా ఉంటుంది.

గదిని ఖాళీ చేసేటప్పుడు బీరువాను తప్పక కదిలించాలి. లోపలి బట్టలు, నగల పెట్టె, కాగితాలు తీసేసి, కాళ్ళ కింద పాత దుప్పటి మడతపెట్టి లాగితే గచ్చు మీద గీతలు పడవు. బీరువా వెనకాల గోడకు కొన్నేళ్ళుగా గాలి తగిలి ఉండదు కాబట్టి ఇంట్లో చెమ్మ ఎంత ఉందో ముందుగా తెలిసేది అక్కడే. నల్లటి బూజు చుక్కలు, ఉబ్బిన సున్నం, బీరువా వెనక రేకు మీద తుప్పు కనిపిస్తే ఆ గోడను మొదట పరీక్షించాలి.

గోడ చెమ్మను గుర్తించడం

గోడ చెమ్మకు కారణం ఒకటే ఉండదు. అది ఏ ఎత్తులో, ఏ చోట కనిపిస్తోందన్న దాన్ని బట్టి మూలం తెలుస్తుంది. నేల నుంచి మోకాలి ఎత్తు వరకు వరుసగా రంగు ఊడి, తెల్లటి ఉప్పు పొడి రాలుతుంటే, పునాదిలోని తేమ ఇటుకల గుండా పైకి పాకుతోందని అర్థం. కిటికీ కింద మాత్రమే ఉబ్బితే కిటికీ గట్టు లోపలివైపుకు వాలి ఉండటమో, సన్‌షేడ్ పైన పగులు ఉండటమో కారణం కావచ్చు. శ్లాబు మూలలో గోధుమరంగు మరక ఉంటే పైన డాబా నీరు గాని, పై అంతస్తువారి బాత్రూము నీరు గాని దిగుతోంది. బాత్రూముకూ పడకగదికీ మధ్య గోడ తడిస్తే గోడలోని పైపును గాని, టైల్స్ సందులను గాని అనుమానించాలి. మొగల్రాజపురం, గుణదల వైపు కొండవాలులో కట్టిన ఇళ్ళలో వెనక గోడ కొండమట్టిని ఆనుకుని ఉంటే వానాకాలమంతా దానిలో ఊట ఉంటుంది. అటువంటి ఇంట్లో బయట మట్టిని తొలగించి నీరు పోయే దారి చేయకుండా లోపల ఎంత ఖర్చు పెట్టినా ఫలితం ఉండదు.

ఇంట్లోనే చేసుకోగల పరీక్ష ఒకటి ఉంది. అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న పారదర్శకమైన ప్లాస్టిక్ కాగితాన్ని అనుమానమున్న చోట గోడకు ఆనించి, నాలుగు అంచులా గాలి చొరబడకుండా టేపు అంటించి రెండు రోజులు వదిలేయండి. తీసి చూసినప్పుడు గోడవైపు ముఖం మీద నీటి బిందువులుంటే తేమ గోడలోంచే వస్తోంది. గదివైపు ముఖం మీద మాత్రమే బిందువులుంటే అది గది గాలిలోని తేమ. కిటికీలు తెరవడం, గదిలో తడిబట్టలు ఆరేయడం మానడం వల్ల అది తగ్గుతుంది.

మూలం గోడలోనే ఉందని తేలితే, ముందు ఆ మూలాన్ని సరిచేయాలి: డాబా పగుళ్ళు, పైపు లీకు, కిటికీ గట్టు వాలు ఏదైతే అది. ఆ తరువాత మేస్త్రీ చేత ఉప్పు పట్టిన ప్లాస్టరింగ్‌ను ఇటుక కనిపించే వరకు, మరక కనిపించే హద్దుకు అడుగు అవతల వరకు కొట్టించి, వాటర్‌ప్రూఫ్ ద్రావణం కలిపిన సిమెంటుతో మళ్ళీ వేయించాలి. వేసిన ప్లాస్టరింగ్‌ను వారం రోజులు తడపాలి, ఆపైన కనీసం నాలుగు వారాలు ఆరనివ్వాలి. ఈ నాలుగు వారాలు ఆగలేకనే సగం ఇళ్ళలో పని చెడిపోతుంది. చెమ్మ గోడ మీద నేరుగా వాటర్‌ప్రూఫ్ పెయింటు వేస్తే సరిపోతుందని కొందరు నమ్మబలుకుతారు. నీరు లోపలే ఉండగా పైన పొర కడితే, ఆ నీరు పొరను తోసుకుని బయటికి వస్తుంది, లేదా పక్క గోడలోకి పాకుతుంది. ఈ ఒక్క విషయంలో మాత్రం రాజీ పడవద్దని గట్టిగా చెబుతాను.

2024 సెప్టెంబరు ఆరంభంలో బుడమేరు వరద ముంచెత్తిన సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట ప్రాంతాల ఇళ్ళకు ఈ మాట మరీ వర్తిస్తుంది. రోజుల తరబడి నీటిలో నానిన ఇటుక గోడ పైకి ఆరినట్టు కనిపించినా లోపలి తేమ బయటికి రావడానికి నెలలు పడుతుంది, ఆ తేమతోపాటే ఉప్పు కూడా వస్తుంది. అటువంటి ఇంట్లో నీటి గీత ఉన్న ఎత్తు దాటి మరో అడుగు పైవరకు ప్లాస్టిక్ పరీక్ష చేసి, గోడ పొడిగా ఉందని తేలిన తరువాతనే లప్పం పెట్టించాలి. అప్పట్లో నీట మునిగిన ప్లైవుడ్ మంచం పొరలు విడిపోయి ఉంటే దానికి పైపై మెరుగులు దిద్దకుండా మార్చేయడమే మంచిది. కొత్తది చేయించేటప్పుడు నేలకు తగిలే భాగాలకు నీటిని తట్టుకునే 710 గ్రేడు ప్లైవుడ్ వాడమని వడ్రంగికి చెప్పండి. 303 గ్రేడులోని మామూలు రకం పొడి చోట్లకు మాత్రమే పనికొస్తుంది.

విద్యుత్తు పని, ఆ తరువాత లప్పం

గోడ కొట్టే పని ఏదైనా ఉంటే లప్పానికి ముందే ముగియాలి. మంచం తలవైపు రెండు పక్కలా స్విచ్, ఫోను చార్జింగుకు ఒక్కొక్క సాకెట్, తలుపు దగ్గరా మంచం దగ్గరా ఆర్పుకునేలా టూ-వే స్విచ్ పెట్టించుకుంటే రోజూ సుఖంగా ఉంటుంది. ఒకటిన్నర టన్ను ఏసీ పెట్టే ఉద్దేశముంటే మెయిన్ బోర్డు నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ లాగించాలి. పాత ఇళ్ళలో ఎర్త్ ఉన్నదీ లేనిదీ ఎలక్ట్రీషియన్ చేత చూపించుకుని, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ లేకపోతే ఈ సందర్భంలోనే పెట్టించుకోండి.

వన్‌టౌన్‌లోనూ, గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేటల్లోనూ ఉన్న పాత ఇళ్ళలో గోడల మీద ఏళ్ళ తరబడి వేసిన సున్నం పొరలుంటాయి. పొడి అరచేతిని గోడకు గట్టిగా రాసి చూడండి. చేతికి తెల్లపొడి అంటితే అది సున్నం గాని, పాత డిస్టెంపర్ గాని. దాని మీద ఎమల్షన్ వేస్తే అది గోడను పట్టుకోదు, సున్నం పొరను పట్టుకుని దానితోపాటే రేకులుగా ఊడిపోతుంది. నీళ్ళు చల్లి నానబెట్టి, రేకుతో గట్టి పొర తగిలేదాకా గీకించడమే మార్గం. పెయింటర్‌తో కూలి మాట్లాడుకునేటప్పుడే గీకుడు కూలి విడిగా మాట్లాడుకోండి. మాట్లాడని పక్షంలో పైపైన ఎమరీ పేపరు తిప్పి వదిలేసే ప్రమాదం ఉంది. పాత కిటికీ చెక్కలకూ గ్రిల్స్‌కూ ఉన్న ఎనామిల్ రంగు విషయంలో మరో జాగ్రత్త అవసరం. ఇళ్ళ పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 90) మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచి అమలులోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగులో సీసం ఎక్కువగా ఉండే అవకాశం ఉంది కనుక దాన్ని పొడిగా రుద్దకుండా తడిపి రుద్దించాలి, పసిపిల్లలను, గర్భవతులను ఆ రోజుల్లో ఆ గది దరిదాపులకు రానీయకూడదు.

ఆపైన పని వరుస సూటిగానే ఉంటుంది: రెండు చేతుల లప్పం, దాన్ని నునుపుగా రుద్దడం, దుమ్ము తుడవడం, ఒక పూత ప్రైమర్, రెండు పూతల ఎమల్షన్. ఒక పూతకూ మరో పూతకూ మధ్య కనీసం నాలుగు గంటలు ఎడం ఉండాలి. ఎంత రంగు కొనాలో ముందే లెక్క వేసుకోవచ్చు. 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు ఉన్న గదికి నాలుగు గోడలూ కలిపి 440 చదరపు అడుగులు. తలుపు, కిటికీ తీసేస్తే సుమారు 400. డబ్బా మీద రెండు పూతలకు లీటరు ఎన్ని చదరపు అడుగులకు వస్తుందో రాసి ఉంటుంది. అది 60 అయితే ఏడు లీటర్లు చాలు. శ్లాబుకు తెలుపు విడిగా తీసుకోవాలి.

వేడిని గోడ బయటే ఆపడం

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయన్న మాట బెజవాడవారికి ఎవరూ వివరించనక్కర్లేదు. పై అంతస్తు పడకగదిలో పగలంతా ఎండ తాగిన శ్లాబు రాత్రి పన్నెండు దాటినా వేడిని కిందికి వదులుతూనే ఉంటుంది, అందుకే ఫ్యాను తిరిగేకొద్దీ వేడిగాలే తగులుతుంది. గది లోపల చేసే ఏ అలంకారం కన్నా డాబా మీద తెల్లని కూల్‌రూఫ్ పూత వేయించడం వల్ల నిద్ర బాగుపడుతుంది. పగుళ్ళు పూడ్చి, డాబాను కడిగి, ఆరిన తరువాత రెండు పూతలు వేయించాలి. ఆపైన ఏటా వేసవికి ముందు పేరుకున్న దుమ్మును కడిగితేనే ఆ తెలుపు ఎండను తిప్పికొడుతుంది.

పడమటి కిటికీ ఉన్న గదిలో సాయంత్రం నాలుగింటికి గోడ మీద చేయి పెట్టి చూస్తే సమస్య అర్థమవుతుంది. లోపల వేసిన మందపాటి కర్టెన్ వెలుతురును ఆపుతుంది గాని, అప్పటికే అద్దం దాటి వచ్చిన వేడిని ఆపలేదు. నీడ కిటికీకి బయట ఉండాలి: వెదురు తడిక, షేడ్ నెట్, లేదా పెద్దవాళ్ళ కాలంలోలాగా నీళ్ళు చల్లే వట్టివేళ్ళ తడిక. వట్టివేళ్ళ తడికకు గాలి ఆడాలి కాబట్టి దాన్ని ఏసీ లేని గదికే వాడాలి.

ఫ్యాను విషయానికి వస్తే, 10 అడుగులకు 12 అడుగుల గదికి 1200 మిల్లీమీటర్ల ఫ్యాను సరిపోతుంది. పాత ఫ్యాను సుమారు 75 వాట్లు తీసుకుంటే తక్కువ కరెంటుతో తిరిగే మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లకు అటూఇటూగా తీసుకుంటుంది. రోజుకు పది గంటలు తిరిగే పడకగదిలో ఒక్క ఫ్యానుకే నెలకు దాదాపు 13 యూనిట్లు తగ్గుతాయి. ఏసీని 24 డిగ్రీల దగ్గర ప్రారంభమయ్యేలా తయారు చేయాలని 2020 నుంచి నిబంధన ఉంది. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెబుతోంది. 26 డిగ్రీలు పెట్టి ఫ్యాను నెమ్మదిగా తిప్పుకుంటే చాలామందికి హాయిగా ఉంటుంది. ఫాల్స్ సీలింగ్ అందంగా ఉంటుందన్నది నిజమే, పై అంతస్తులో వేడిని కొంత తగ్గిస్తుందన్నదీ నిజమే. కాని ఎత్తు తక్కువగా ఉన్న గదిలో అది ఫ్యానును తలమీదికి దించుతుంది, శ్లాబు లీకును కనబడకుండా దాస్తుంది. శ్లాబు ఎత్తు పదడుగులకు తక్కువైతే పడకగదికి అది వద్దనే నా సలహా.

ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువ ఊరి మధ్యగా పారే చోట దోమల జాలీ పడకగదికి అత్యవసరం. రంగు వేయించేటప్పుడే కిటికీలన్నింటికీ కొలతలు తీయించి, తీసి కడుక్కునే వీలున్న ఫ్రేములో జాలీ బిగించుకోండి. గదిలో అందం కోసం సీసాలో పెట్టిన మనీప్లాంటు నీటిలోనే డెంగ్యూ దోమ గుడ్లు పెడుతుంది. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు చాలు కాబట్టి ఆ నీటిని వారానికొకసారి పారబోసి సీసా లోపలివైపు రుద్ది కడగాలి. అంత తీరిక లేనివారు మొక్కను మట్టి కుండీలోకి మార్చుకోవాలి.

ఎవరి గది, ఎలా ఉండాలి

పెద్దవారి గదికి అన్నింటికన్నా ఎక్కువ ఆలోచన పెట్టాలి, ఎందుకంటే వారు రోజులో ఎక్కువసేపు గడిపేది అందులోనే. మంచం ఎత్తుతో మొదలుపెట్టండి. పరుపు అంచున కూర్చున్నప్పుడు రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆని, మోకాళ్ళు సమంగా వంగాలి. చాలామందికి పరుపుతో కలిపి 18 నుంచి 20 అంగుళాలు సరిపోతుంది. ఇప్పుడు వస్తున్న కురచ మంచాల మీది నుంచి లేవడానికి మోకాళ్ళ నొప్పులున్నవారు పడే కష్టాన్ని దుకాణంలో ఎవరూ చెప్పరు. కొనేముందు వారిని వెంట తీసుకువెళ్ళి, "నాన్నగారూ, ఒకసారి కూర్చుని లేచి చూడండి" అని అడిగి నిర్ణయించుకోవాలి.

మంచం నుంచి బాత్రూము వరకు మూడడుగుల వెడల్పున దారి ఖాళీగా ఉండాలి. ఆ దారిలో జారే కాళ్ళపట్టా, తివాచీ అంచు, టేబుల్ ఫ్యాను తీగ ఏదీ ఉండకూడదు. నేలకు అడుగు ఎత్తులో, మనిషి కదిలితే వెలిగే చిన్న ఎల్‌ఈడీ దీపం పెడితే రాత్రివేళ కళ్ళు చెదరవు, స్విచ్ వెతుక్కునే పని ఉండదు. కమోడు పక్కన పట్టుకునే రాడ్డును గోడలోకి గట్టి బోల్టులతో బిగించాలి. తువ్వాలు వేసుకునే రాడ్డు మనిషి బరువును మోయదు. బాత్రూము గడియ బయటి నుంచి కూడా తీయగలిగేలా ఉండాలి. వయసు పెరిగేకొద్దీ కంటికి అంచులు తేడాగా కనబడటం తగ్గుతుంది కనుక తెల్ల టైల్స్, తెల్ల గోడ, తెల్ల గడప అన్నీ కలిసిపోయే చోట గడపకు ముదురు రంగు వేయడం వల్ల తట్టుకుని పడే ప్రమాదం తగ్గుతుంది. ఇక ట్రంకు పెట్టె, పడక కుర్చీ, దేవుడి పటాలు వంటివి పాతవని తీసేయవద్దు. ఆ గదిలో ఏవి ఉండాలో, ఏవి అటక ఎక్కాలో వారే చెప్పాలి. వీధి కనిపించే కిటికీ ఉంటే పడక కుర్చీని అక్కడ వేయండి.

ఇద్దరు పిల్లలకు ఒకే గది ఇచ్చినప్పుడు చోటు కలిసివస్తుందని అంతస్తుల మంచం కొంటున్నారు. పై పరుపు ఐదడుగుల ఎత్తున ఉంటే, దాని మీద కూర్చున్న పదేళ్ళ పిల్లవాడు చేయెత్తితే పదడుగుల శ్లాబుకు వేలాడే ఫ్యాను రెక్కలు అందుతాయి. ఆ మంచమే కావాలనుకుంటే సీలింగు ఫ్యాను తీసేసి, జాలీ ఉన్న గోడ ఫ్యాన్లు రెండు పెట్టించాలి. లేదా ఒక మంచం కింద నుంచి లాగే రెండో మంచం తీసుకోవడం ఇంకా క్షేమం. వేసవి సెలవులకు మేనత్త పిల్లలు, పిన్ని పిల్లలు దిగినప్పుడు కూడా అది ఉపయోగపడుతుంది. కుడిచేతితో రాసే పిల్లలకు చదువు బల్ల మీద వెలుతురు ఎడమవైపు నుంచి పడాలి. పొడవాటి పుస్తకాల అలమరను గోడకు బిగించాలి. గోడకు కింది నాలుగడుగుల మేర కడిగితే మరక పోయే రకం ఎమల్షన్ వేయించి, స్టిక్కర్లకు బదులు ఒక పిన్‌బోర్డు ఇస్తే రంగు ఊడకుండా ఉంటుంది.

మన ఇళ్ళలో మరో గది సంగతి ఉంది: పెళ్ళయిన అమ్మాయి పుట్టింటికి వచ్చినప్పుడు దిగే గది. పురిటికి రాబోతుంటే ఆ గది పని నెల ముందే పూర్తయి, రంగు వాసన పూర్తిగా పోవాలి. ఉయ్యాల కట్టే శ్లాబు కొక్కెం పాతదైతే తుప్పు చూడాలి. ఇసుక మూటను ఒక రోజంతా వేలాడదీసి చూస్తే బలం తెలుస్తుంది. పాలిచ్చే తల్లికి చేతులు ఆనే కుర్చీ, చేతికందే ఎత్తులో నీళ్ళ సీసాకు చోటు, పసుపు ఛాయ వెలుతురిచ్చే 2700 కెల్విన్ మసక బల్బు ఉంటే చాలు. మామూలు రోజుల్లో అదే అతిథుల గది కాబట్టి అందులో సామాను తక్కువగా ఉండాలి.

దంపతుల గదికి చెప్పవలసింది కొంచెమే. ఆరడుగుల వెడల్పున్న మంచం వేసిన తరువాత రెండు పక్కలా రెండేసి అడుగులు మిగలకపోతే ఐదడుగుల మంచానికి మారండి. తలను దక్షిణానికో తూర్పుకో పెట్టుకోవాలన్న ఆచారాన్ని పాటించేవారు, ఆ వైపు గోడకు స్విచ్‌లు, ఏసీ గాలి, కిటికీ ఎలా పడతాయో విద్యుత్తు పనికి ముందే చూసుకోవాలి. నైరుతి మూలకు వెళ్ళే బీరువాకూ గోడకూ మధ్య రెండు అంగుళాలు గాలి ఆడే ఎడం వదలండి.

రంగు ఎంచుకోవడం, గుడ్డ కుట్టించడం

ఇక రంగు. కార్డు మీది చిన్న ముక్కను చూసి ఎంచుకున్న రంగు గోడ మీద మరింత ముదురుగా కనిపిస్తుంది. నచ్చిన రెండు మూడు రంగులను చిన్న డబ్బాల్లో తెచ్చి, కిటికీ ఎదురు గోడ మీదా కిటికీ పక్క గోడ మీదా రెండడుగుల చదరంగా వేసి, ఉదయం, సాయంత్రం, రాత్రి దీపం కింద చూడండి. పడమటి గదికి నీలం, ఆకుపచ్చ ఛాయ కలిసిన లేత రంగులు కంటికి చల్లగా ఉంటాయి. ఇరుకు సందులో ఒకే కిటికీ ఉన్న గదికి మీగడ తెలుపు వెలుతురును పెంచుతుంది. ముదురు రంగు ఇష్టమైనవారు మంచం తలవైపు గోడకు మాత్రం వేయించుకోవచ్చు, అయితే అది చెమ్మ చరిత్ర ఉన్న గోడ కాకూడదు. రాత్రి వెలుతురుకు 6500 కెల్విన్ తెల్ల దీపం కన్నా 3000 కెల్విన్ దీపం పడకగదికి తగినది.

కర్టెన్లకు దూరం వెళ్ళనక్కర్లేదు, మంగళగిరి పక్కనే ఉంది. మగ్గం మీద నేసిన అక్కడి నూలు గుడ్డను వేళ్ళ మధ్య నలిపి చూస్తే దాని మెత్తదనం తెలుస్తుంది. గాలికి తేలిగ్గా ఊగుతుంది, ఉతికినకొద్దీ ఇంకా మెత్తబడుతుంది. నిజాం అంచు ఉన్న గుడ్డను అంచు కిందికి వచ్చేలా కుట్టిస్తే వేరే అలంకారం అవసరం ఉండదు. నాలుగడుగుల కిటికీకి ఐదడుగుల రాడ్డు వేయించి, రాడ్డుకు రెండింతల గుడ్డ ఉండేలా చూసుకుంటే కుచ్చు నిండుగా ఉంటుంది: 44 అంగుళాల పన్నా గుడ్డ అయితే మూడు పట్టీలు. ఏడడుగుల నిడివికి పైన కింద మడతలు కలిపి పట్టీకి ఎనిమిది అడుగులు, మొత్తం సుమారు ఏడున్నర మీటర్లు. నూలు మొదటి ఉతుకుకు కుంచించుకుపోతుంది కాబట్టి ఇంకో అర మీటరు కలిపి కొని, నీళ్ళలో నానబెట్టి ఆరేసిన తరువాతనే దర్జీకి ఇవ్వాలి. ఉదయపు వెలుతురుకు మెలకువ వచ్చేవారు వెనక లైనింగు వేయించుకోవాలి.

దుప్పట్లకు, దిండు గలేబులకు పెడన కలంకారీ నాకు ఎంతో ఇష్టం. చెక్క అచ్చులతో, కరక్కాయ నీటిలో నానిన గుడ్డ మీద, బెల్లమూ తుప్పు ఇనుమూ కలిపి పులియబెట్టిన నలుపుతో అద్దే ఆ పనిలో అచ్చుకూ అచ్చుకూ మధ్య సన్నని తేడా ఉంటుంది. యంత్రపు ముద్రలో ఆ తేడా కనిపించదు. మొదటి రెండు మూడు ఉతుకులు విడిగా, చల్లటి నీళ్ళలో ఉతికి, నీడలో ఆరేయాలి. గోడలకు ఇప్పటికే గట్టి రంగు ఉంటే కలంకారీని ఒక్క దుప్పటికి పరిమితం చేయండి. దూది పరుపులున్నవారు వేసవిలో డాబా మీద ఎండబెట్టి, రెండు వైపులా దులిపి వేసుకుంటే తేమ వాసన పోతుంది.

అలంకార వస్తువులు ఎంత తక్కువైతే దుమ్ము అంత తక్కువ. తెల్ల పొణికి కర్రతో చేసే కొండపల్లి బొమ్మలు పెట్టదలిస్తే చెమ్మ లేని లోపలి గోడ గూటిలో, ఎండ నేరుగా తగలని చోట పెట్టి, తడిగుడ్డకు బదులు మెత్తటి కుంచెతో తుడవండి.

చివరి పూత వేసిన తరువాత కనీసం మూడు రాత్రులు కిటికీలు తెరిచి ఫ్యాను తిప్పి గదిని ఖాళీగా వదిలేయండి; ఉబ్బసం ఉన్నవారి గదికి వారం పట్టినా ఆగాలి. మిగిలిన రంగును పెద్ద డబ్బాలో ఉంచితే గట్టిపడుతుంది కనుక అంచు దాకా నిండే చిన్న సీసాలోకి వంచి, మూత బిగించి, గది పేరు, షేడ్ నంబరు, వేసిన నెల, సంవత్సరం రాసిన చీటీ అంటించి అటక మీద నీడలో దాచుకోండి. మంచం అంచు తగిలి గోడ గీరుకున్నప్పుడు, బీరువా జరిపినప్పుడు, ఆ సీసాతోనే పని జరిగిపోతుంది.